చాటు ఉన్న ఇల్లు: అనంతపురంలో సెక్స్ వర్కర్ల సహాయ కేంద్రాన్ని బాగు చేయించడం

హెచ్ఐవీ నివారణ ప్రాజెక్టు కాగితాల్లో దీని పేరు డ్రాప్-ఇన్ సెంటర్ అని ఉంటుంది. వచ్చే ఆడవాళ్ళు మాత్రం 'సెంటరు' అనో 'ఆఫీసు' అనో అంటారు. వాళ్ళు పొద్దున పదకొండుకు వస్తారు. కాసేపు నడుం వాల్చి, స్నానం చేసి, నర్సుకు చూపించుకుని, మాత్రలు, కండోములు తీసుకుంటారు. పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ఇల్లు చేరాలి. ఎదురింటి వాళ్ళకు గానీ, టీ కొట్టు దగ్గర నిలబడ్డ వాళ్ళకు గానీ ఇదేమీ తెలియకూడదు. తెలిసిందంటే మరుసటి రోజు నుంచి ఆ మనిషి రాదు. ఎందుకు రాలేదో మీకు ఎవరూ చెప్పరు కూడా.

సెంటరు బాగు చేయడం అనగానే చాలామంది రంగుతో మొదలుపెడతారు. ఆ తర్వాత పోస్టర్లు, కొత్త కుర్చీలు, గేటు మీద పెద్ద బోర్డు. డబ్బంతా అక్కడికే సరిపోతుంది. కౌన్సెలింగ్ గదిలో మాట హాల్లోకి వినిపిస్తూనే ఉంటుంది, బాత్రూం గొళ్ళెం ఊగుతూనే ఉంటుంది. వరస ఇలా పెట్టుకోండి: ముందు మిద్దె, తర్వాత గోడల చెమ్మ, తర్వాత నీళ్ళూ మరుగుదొడ్లూ, వాటితోబాటే చాటు. కంటి చాటు, చెవి చాటు రెండూ. రంగు అన్నిటికన్నా ఆఖర్న. చేతిలో వంద రూపాయలుంటే పాతిక మిద్దెకూ గోడలకూ, ముప్ఫై నీళ్ళకూ మరుగుదొడ్లకూ, పాతిక గోడల మార్పులకూ తలుపులకూ, పది కరెంటుకు, మిగతా పదే రంగుకూ సామానుకూ అనుకోండి.

సుద్దముక్కతో మొదలు

ఇంజనీరు ప్లాను గీయకముందే వచ్చే ఆడవాళ్ళతో రెండుసార్లు కూర్చోండి, ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం మూడు తర్వాత. వీధుల్లో, బస్టాండు చుట్టుపక్కల ఉండేవాళ్ళు వచ్చే వేళ వేరు, ఇంటి దగ్గర నుంచే పని చేసుకునేవాళ్ళు వచ్చే వేళ వేరు. ఒక్కసారే కూర్చుంటే ఒక గుంపు మాటే ప్లానులోకి ఎక్కుతుంది. "మీకేం కావాలి" అని అడిగితే "ఏమొద్దు సార్, అంతా బాగుంది" అంటారు. అందుకని ఇలా అడగండి: ఈ ఇంట్లో మీరు ఎప్పుడూ వాడనిది ఏది? ఏ తలుపు దగ్గర కొంగు తల మీదికి లాక్కుంటారు? బ్యాగు ఎక్కడ పెట్టి నిద్రపోతారు? ట్రాన్స్ మహిళలు కూడా వచ్చే సెంటరైతే స్నానాల గది, పడుకునే చోటు ఎలా ఉండాలో వాళ్ళనే విడిగా అడగండి. వాళ్ళ తరఫున ఇంకెవరో జవాబు చెప్పే పని పెట్టుకోవద్దు.

తర్వాత సుద్దముక్క తీసుకుని హాలు నేల మీదే గదులు గీయండి. కౌన్సెలింగ్ గది ఎనిమిది అడుగులు పది అడుగులు అని కాగితం మీద చూస్తే ఎవరికీ అర్థం కాదు. గీతల మధ్య రెండు కుర్చీలు వేసి, తోటి సెక్స్ వర్కర్లకు ఆరోగ్య సంగతులు చెప్పే ఒక పీర్ ఎడ్యుకేటర్‌ను కూర్చోబెడితే తేలిపోతుంది. "ఇక్కడ కూర్చుంటే గేటు నుంచి నా మొహం కనపడతాది" అని ఆమే చెబుతుంది. గీత చెరిపేసి అటు తిప్పడానికి నిమిషం పడుతుంది. అదే గోడ లేచాక అయితే బేల్దారికి రెండు రోజుల కూలీ.

తొమ్మిది వందల నుంచి వెయ్యి చదరపు అడుగుల ఇల్లయితే ఇవి ఇముడుతాయి: పడుకోవడానికీ మీటింగులకూ కలిపి 250 చదరపు అడుగుల హాలు, 8 x 10 కౌన్సెలింగ్ గది, 10 x 10 పరీక్ష గది, రెండు మరుగుదొడ్లు, విడిగా ఒక స్నానాల గది, ఆరడుగుల చదరంలో రికార్డులకూ స్టాకుకూ తాళం గది, టీ కాచుకునేంత వంటిల్లు. వెనక తలుపు తప్పనిసరి. ఒకే దారి ఉన్న ఇల్లు ఎంత తక్కువ అద్దెకు వచ్చినా వద్దు.

అగ్రిమెంటు సంగతి

మామూలుగా పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకుంటాం. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి పెట్టిన అలవాటు ఇది. అద్దె ఇంటికి లక్షలు పెట్టి గోడలు కట్టిస్తున్నప్పుడు ఈ అలవాటు మీ మెడకే చుట్టుకుంటుంది. మూడేళ్ళకు రిజిస్టర్ చేయించండి. మీరు బిగించినవాటిలో ఏవి తీసుకెళ్ళవచ్చో (ఫ్యాన్లు, ఇన్వర్టర్, లాకర్లు, కర్టెన్ పట్టాలు, నీళ్ళ ట్యాంకు) జాబితా రాసి వెనక జత చేయండి.

ఇంటి యజమానికి నిజం చెప్పాలి. దాచిపెట్టి దిగితే, సగం పనిలో ఎవరో ఆయన చెవిన వేస్తారు, ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఆయన భయానికి కారణం ఉంది. 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టం ప్రకారం తెలిసి వ్యభిచారానికి ఇల్లు అద్దెకిచ్చిన యజమాని కూడా నేరస్తుడే. కాబట్టి ఈ ఇంట్లో ఆరోగ్య, సలహా సేవలు మాత్రమే జరుగుతాయి, రాత్రి బస ఉండదు, మగవాళ్ళను తీసుకురావడం ఉండదు అని అగ్రిమెంటులో రాయండి. జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగం నుంచి ఒక లెటరు తీసుకుని పని మొదలవకముందే పోలీసు స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సెక్స్ వర్కర్లను గౌరవంగా చూడాలని, వేధించకూడదని 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల తెలుగు ప్రతి ఒకటి సెంటర్లో ఎప్పుడూ ఉండాలి.

మిద్దె

అనంతపురంలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వానే లేని ఊళ్ళో మిద్దె గొడవెందుకు అంటారు కొందరు. కురిసే నాలుగు వానలూ ఒక్కసారిగా కురుస్తాయి, అదే చిక్కు. మిగతా ఎనిమిది నెలలు ఎండ కాంక్రీటును పగలగొడుతుంది, సెప్టెంబరు వాన ఆ పగుళ్ళలోకి దిగుతుంది. పని ఫిబ్రవరిలో మొదలుపెట్టి, మిద్దె పని మే లోపల ముగించండి.

ఆర్‌సీసీ (ఇనుప కడ్డీల కాంక్రీటు) మిద్దె అయితే ముందు నీళ్ళు నిలబెట్టి చూడండి. తూములకు గుడ్డలు కుక్కి, రెండంగుళాల నీళ్ళు 24 గంటలు ఉంచి కింద నుంచి చెమ్మ మరకల చుట్టూ సుద్దతో గీయండి. చాలాసార్లు కారేది మిద్దె మధ్యలో కాదు, పిట్టగోడ మిద్దెతో కలిసే మూలలో. అక్కడ పాత సిమెంటు ఊడగొట్టి, ఒకటికి మూడు సిమెంటు-ఇసుక పాళ్ళలో మూడంగుళాల వాలు కట్టించండి. పగుళ్ళను అరంగుళం వెడల్పు, అరంగుళం లోతు 'వి' ఆకారంలో కోసి, దుమ్ము ఊది, తడిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాలి. కోయకుండా పైన పూసేస్తే ఒక్క వేసవికే పొరలుగా లేస్తుంది. నీళ్ళు పారే వాలు పది అడుగులకు ఒకటింబావు అంగుళం ఉండాలి. తూము పైపు నాలుగంగుళాలది పెట్టండి. రెండంగుళాలది ఆకులకే మూసుకుపోతుంది.

పాత ఇల్లు, అంటే దూలాల మీద బండలు పరిచి పైన చౌడుమట్టి వేసిన మిద్దె అయితే నీళ్ళు నిలబెట్టే పరీక్ష చేయొద్దు. రెండంగుళాల నీళ్ళు చదరపు అడుగుకు దాదాపు 5 కిలోల బరువు. అక్కడ చూడాల్సింది దూలాల కొసలు, గోడలో దూరిన చోట. స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. పావంగుళం కూడా దిగకపోతే కర్ర గట్టిది, అంగుళం దిగిపోతే చెద తిన్నది. అలాంటి దూలం కింద ఇనుప గర్డరు ఊతమివ్వాలి, లేదా ఆ ఇల్లు వదిలేయాలి. కారుతోందని పైన ఇంకో పొర మట్టో కాంక్రీటో వేయించడం ఇక్కడ తరచూ చేసే పొరపాటు. బరువు పెరిగి బండల సందులు ఇంకా విచ్చుకుంటాయి. పైన ఉన్న పాత మట్టిని తీసేసి, బండల సందులు శుభ్రం చేసి, సున్నం-ఇసుకతో పూడ్చి, తేలికైన వాటర్‌ప్రూఫ్ పూత వేయించడమే దారి.

రెండు రకాల మిద్దెలకూ ఆఖర్న తెల్ల సున్నం రెండు పూతలు, కాస్త జిగురు కలిపి. ఎండను వెనక్కి కొట్టే తెల్ల మిద్దె కింద గది రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఏడాదికోసారి ఉగాది ముందు మళ్ళీ వేయాలి, చవకే.

గోడలకు చౌడెక్కితే

గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసి సున్నం రాలుతుంటే, దాని మీద టైల్స్ అంటించి దాచేయాలనిపిస్తుంది. చెమ్మ ఎక్కడికీ పోదు. టైల్స్ వెనకే పైకి ఎగబాకి నాలుగడుగుల ఎత్తులో మళ్ళీ పూస్తుంది. మరక ఎక్కడిదాకా ఉందో దానికి అడుగు పైదాకా ప్లాస్టరింగు కొట్టేసి, ఇటుకల సందులు అరంగుళం లోతు గీకి, మంచినీళ్ళతో కడిగి, కనీసం రెండు వారాలు ఆరనిచ్చి, అప్పుడు వాటర్‌ప్రూఫ్ పొడి కలిపిన ఒకటికి నాలుగు పాళ్ళతో కొత్త పూత వేయాలి.

ఆ పూతలో కలిపే నీళ్ళే కొత్త చౌడుకు మూలం కావచ్చు. బోరు నీళ్ళు నాలుకకు ఉప్పగా తగిలితే సిమెంటులో కలపొద్దు, క్యూరింగుకూ (పూతను తడపడానికీ) వాడొద్దు. నీళ్ళను ల్యాబుకు పంపగలిగితే క్లోరైడు లెక్క అడగండి: ఇనుప కడ్డీలున్న కాంక్రీటుకు లీటరుకు 500 మిల్లీగ్రాములు, కడ్డీలు లేనిదానికి 2000 దాటకూడదు. వేసవిలో ప్లాస్టరింగు సాయంత్రం వేయించి, ఏడు రోజులు రోజుకు మూడుసార్లు తడపాలి. ఎండ తగిలే గోడకు తడి గోనెపట్టలు వేలాడదీయండి. తడపని పూత సాలెగూడులా పగులుతుంది.

కంటి చాటు

గేటు బస్టాపుకో టీ కొట్టుకో ఎదురుగా ఉంటే, పక్క సందులోకి ఇంకో వాకిలి తీయించగలరేమో చూడండి. తలుపు తెరిస్తే హాలు మొత్తం కనపడే ఇళ్ళే ఎక్కువ. తలుపు నుంచి లోపలికి నాలుగడుగులు వదిలి ఆరున్నర అడుగుల ఎత్తు అడ్డుగోడ కట్టిస్తే సరిపోతుంది. నాలుగడుగుల కన్నా తగ్గించొద్దు. నిండు గర్భిణీ, చంకలో బిడ్డ ఉన్న తల్లి, చక్రాల కుర్చీ తిరగాలి. అరుగు ఎత్తు అడుగున్నర ఉంటే చక్రాల కుర్చీకి వాలు దారి పద్దెనిమిది అడుగులు కావాలి, ఎత్తుకు పన్నెండింతలు. చోటు లేకపోతే మధ్యలో మలుపు తిప్పండి. తాడిపత్రి బండలు వేస్తే పాలిష్ లేనివే వేయండి, పాలిష్ బండ తడిస్తే జారుడుబల్ల.

బోర్డు మీద 'మహిళా ఆరోగ్య కేంద్రం' అంటే చాలు. ఎర్ర రిబ్బను గుర్తు, హెచ్‌ఐవీ అన్న అక్షరాలు, ప్రాజెక్టు పేరు గేటు మీద వద్దు. తనిఖీకి వచ్చేవాళ్ళు బోర్డు అడిగితే లోపల అడ్డుగోడకు తగిలించి చూపండి.

కిటికీ అద్దాలకు అద్దంలా మెరిసే ఫిల్ము అంటించి చాటయిందనుకుంటారు. పగలు బయట వెలుతురు ఎక్కువ కాబట్టి లోపలిది కనపడదు. సాయంత్రం లోపల లైటు వేయగానే అది తిరగబడుతుంది, లోపల కూర్చున్నవాళ్ళు బయటికి బొమ్మల్లా కనపడతారు. పాలరంగు ఫిల్ము ఐదడుగుల ఎత్తుదాకా అంటించి, పై భాగం గాలికి తెరిచి ఉంచండి.

సీసీ కెమెరా లోపల వద్దు. రికార్డయిన మొహం ఎవరి చేతుల్లోకి పోతుందో మీ చేతిలో ఉండదు. యజమాని కెమెరా గేటు వైపు చూస్తుంటే తిప్పించండి, అది కూడా అగ్రిమెంటులో రాయండి. రక్షణకు కాలింగ్ బెల్లు, తలుపులో చూపుగాజు, లోపలి నుంచి తాళంచెవి లేకుండానే తెరుచుకునే వెనక తలుపు చాలు. తాగి వచ్చి గొడవ చేసేవాడో, డబ్బులు గుంజేవాడో ముందు తలుపు బాదుతుంటే వెనక నుంచి పోయే దారి ఉండాలి. ఆ దారిలో పాత సామాను పేర్చొద్దు.

చెవి చాటు

కౌన్సెలింగ్ గదికి ఎక్కువమంది చేసేది ప్లైవుడ్ అడ్డం. అది మాటను ఆపదు, డప్పులా మోస్తుంది. చవగ్గా, గట్టిగా కావాలంటే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, రెండు వైపులా ప్లాస్టరింగుతో. అద్దె ఇల్లు కాబట్టి తీసేయగలిగేది కావాలంటే జిప్సం బోర్డు. అటు రెండు పొరలు, ఇటు రెండు పొరలు, మధ్యలో మాటను పీల్చే రెండంగుళాల రాక్‌వూల్. ఏది కట్టినా గోడ మిద్దెను తాకాలి. ఫాల్స్ సీలింగు దగ్గర ఆగిపోతే మాట పై నుంచి దూకుతుంది. జిప్సం అంచుల్లో సందులు సీలెంటుతో మూయండి. చీపురుపుల్ల దూరే సందులోంచి మాట మొత్తం వస్తుంది.

గోడ బాగా కట్టి తలుపు దగ్గర పోగొట్టుకుంటారు. బోలుగా ఉండే పీవీసీ తలుపు వద్దు, 35 ఎం.ఎం. గట్టి ఫ్లష్ డోరు కావాలి. మూడు వైపులా రబ్బరు పట్టీ, కింద బ్రష్ పట్టీ బిగించాలి. పాత ఇళ్ళలో ప్రతి తలుపు పైనా వెంటిలేటర్ ఉంటుంది, అది హాలు వైపు ఉంటే ఇటుకతో పూడ్చేయండి. గాలికి బయటి గోడకే కిటికీ పెట్టండి.

పరీక్ష సులువు. గది లోపల ఒకరు తలుపు వేసుకుని మామూలు గొంతుతో పేపరు చదవాలి. బయట హాల్లో కుర్చీ వేసుకుని ఇంకొకరు వినాలి. గొణుగుడు వినపడితే పర్లేదు. ఒక్క మాట అర్థమైనా పని అవలేదని అర్థం. ఫ్యాన్లు ఆపి చేయండి, ఎందుకంటే కరెంటు పోయినప్పుడూ కౌన్సెలింగ్ జరుగుతుంది. మామూలు రోజుల్లో హాల్లో చిన్నగా టీవీయో రేడియోనో పెట్టి ఉంచితే గొణుగుడు కూడా కలిసిపోతుంది.

లోపల కుర్చీలు ఎదురెదురుగా వద్దు, కాస్త ఏటవాలుగా వేయండి. తలుపుకు దగ్గరగా ఉండేది వచ్చిన మనిషి కుర్చీ, కౌన్సెలింగ్ చేసేవాళ్ళది కాదు. లేచి పోవాలనిపిస్తే ఎవరినీ దాటకుండా పోగలగాలి.

పరీక్ష గది

బల్ల ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, ఎక్కడానికి ఒక మెట్టు. అది ఎటు తిరిగి ఉందన్నది అన్నిటికన్నా ముఖ్యం. కాళ్ళ వైపు తలుపుకు ఎదురుగా ఉండకూడదు, పొరపాటున ఎవరు తలుపు తీసినా తల వైపే కనపడాలి. బల్ల చుట్టూ మిద్దెకు బిగించిన కర్టెన్ పట్టా పెట్టండి. నేల మీద నిలబెట్టే తెర ఫ్యాను గాలికి పడిపోతుంది. నర్సు నిలబడే వైపు మూడడుగుల చోటు, చేయి చాచితే అందే దూరంలో మోచేత్తో తిప్పే కొళాయి, తలుపుకు లోపలి గొళ్ళెం ఉండాలి.

ఆటోక్లేవుకు (పరికరాలను ఆవిరితో శుద్ధి చేసేది) విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, 4 చదరపు ఎం.ఎం. వైరు వేయించండి. ఫ్రిజ్ పెట్టిన ప్లగ్గులోనే దీన్నీ తగిలిస్తే వైరు కాలుతుంది. టెస్టు కిట్ల డబ్బా మీద ఎంత వేడిలో ఉంచాలో రాసి ఉంటుంది. 30 డిగ్రీలు దాటకూడదని రాసిన కిట్టు మే నెల అనంతపురంలో అల్మరాలో పెడితే చెడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టేవి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే. స్టాకు గదిలో పది రూపాయల తాళం కన్నా గోడకు ఒక థర్మామీటరు ఎక్కువ పని చేస్తుంది. కండోముల పెట్టెలు నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తున, గోడకు 30 సెంటీమీటర్ల దూరంలో, ఎండ పడనిచోట పేర్చాలి. నీళ్ళ మోటారు, ఇన్వర్టరు పక్కన పెట్టొద్దు. నడిచే మోటార్ల నుంచి వచ్చే ఓజోన్ రబ్బరును తినేస్తుంది.

సూదులు, రక్తం అంటిన దూది ఇంటి చెత్తతో కలపడం 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాలకు విరుద్ధం. పసుపు, ఎరుపు, నీలం డబ్బాలు, సూదులకు గుచ్చుకోని తెల్ల డబ్బా కావాలి. వెనక తలుపు దగ్గర నాలుగడుగుల చదరంలో కప్పు, తాళం ఉన్న చోటు కట్టించండి. 48 గంటలు దాటి నిల్వ పెట్టకూడదు కాబట్టి ఆ చెత్త తీసుకెళ్ళే బండి ఏ రోజుల్లో వస్తుందో ముందే మాట్లాడుకోండి.

రికార్డుల గది గురించి ఒకే మాట: 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టడం చట్టవిరుద్ధం. కాబట్టి పేర్ల రిజిస్టరు వాకిట్లో బల్ల మీద ఉండకూడదు. ఆధార్, రేషన్ కార్డు దరఖాస్తులు రాసిపెట్టే బల్ల, స్కానరు కూడా ఈ గదిలోనే పెట్టండి. సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టరు ఇచ్చే ధ్రువపత్రంతో ఇంటి చిరునామా రుజువు లేకుండానే ఆధార్ తీసుకోవచ్చు. ఆ పత్రం హాల్లో పదిమంది ముందు చేతులు మారకూడదు.

నీళ్ళు, మరుగుదొడ్లు

రోజుకు ముప్ఫై మంది వస్తారనుకుంటే మనిషికి 45 లీటర్ల చొప్పున 1350. స్నానం చేసేవాళ్ళు పదిమందికి ఇంకో ముప్ఫై చొప్పున 300. క్లినిక్కు, తుడుపుకు 150. మొత్తం 1800 లీటర్లు. కొళాయి రోజూ వస్తుందన్న లెక్క వేసుకోకండి, రెండు రోజులకు సరిపడా పెట్టుకోండి: 3000 లీటర్ల సంపు, పైన 1000 లీటర్ల ట్యాంకు. సంపు లోపలి కొలత ఐదడుగుల చదరం, నీటి లోతు నాలుగున్నర అడుగులు ఉంటే మూడు వేలు దాటుతుంది. తాగడానికి బోరు నీళ్ళు నేరుగా వద్దు. ఈ జిల్లాలో ఫ్లోరైడు గొడవ పాతదే. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా. ఆర్‌వో పెడితే వదిలేసే నీళ్ళను బకెట్లో పట్టి నేల తుడవడానికి వాడండి.

మరుగుదొడ్డి నేల వాలు ఐదడుగులకు అంగుళం. టైల్స్ వేయకముందే వాటర్‌ప్రూఫ్ పూత మీద నీళ్ళు 24 గంటలు నిలబెట్టి చూడాలి. టైల్స్ వేశాక కారితే మొత్తం పగలగొట్టాల్సిందే. కడప, తాడిపత్రి బండలు చవగ్గా, అందంగా ఉంటాయని మరుగుదొడ్లో వేస్తారు. అవి సున్నపురాయి. కడిగేటప్పుడు పోసే యాసిడ్ తగిలితే బుసబుసా పొంగి, గుంటలు పడి, ఆ గుంటల్లో మురికి ఊరుతుంది. ఆ బండలు హాలుకూ బట్టలుతికే చప్టాకూ వాడుకోండి, మరుగుదొడ్డికి గరుకు సెరామిక్ టైల్స్ వేయండి. కడప బండతో అల్మరా అరలు వేస్తే మూడడుగులకో ఊత ఇవ్వండి, దాటితే మధ్యలో పుటుక్కున విరుగుతుంది.

ఒకటి మామూలు దొడ్డి, ఒకటి పక్కన పట్టుకునే కడ్డీ ఉన్న వెస్టర్న్. లోపలి గొళ్ళెం స్టీలుదే కావాలి. చట్రానికి రెండంగుళాల స్క్రూలతో బిగించాలి, అరంగుళం స్క్రూలతో వేసింది ఒక్క తోపుకు ఊడి వస్తుంది. గొళ్ళెం పెట్టి బయట నుంచి భుజంతో గట్టిగా తోసి చూడండి. ఐదడుగుల ఎత్తులో చీర, బ్యాగు తగిలించే కొక్కేలు రెండు, ఫోను పెట్టుకునే పొడి అర, మూత ఉన్న చెత్తబుట్ట, లైటు స్విచ్చి లోపల. తలుపు లోపలి వైపు 112 (అత్యవసరం), 181 (మహిళల సాయం), 1097 (ఎయిడ్స్ సలహా), 15100 (ఉచిత న్యాయ సాయం) నంబర్లు పెద్ద అక్షరాల్లో అంటించండి. హాల్లో గోడ మీద నంబరు రాసుకోవడానికి అందరూ జంకుతారు, ఇక్కడ ఎవరూ చూడరు. స్నానాల గది వెనక ప్రహరీ ఏడడుగులు ఉండి, బట్టలారేసే తీగ ఆ ఎత్తుకు లోపలే ఉండాలి.

మిగతా చిన్నవి

లాకర్లు ఇరవై నాలుగు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, అడుగున్నర లోతు. పేర్లు రాయొద్దు, నంబర్లే. ఉయ్యాల కొక్కెం తప్పకుండా పెట్టించండి. మిద్దె కాంక్రీటులోకి దిగే 12 ఎం.ఎం. యాంకర్ బోల్టుతో వేయించి, యాభై కిలోల సిమెంటు బస్తా ఒక రోజంతా వేలాడదీసి చూడండి. పాత బండల మిద్దెకు వేలాడదీయొద్దు, ఇనుప స్టాండు ఉయ్యాల కొనండి.

ఇన్వర్టరు లెక్క: మామూలు ఫ్యాన్లు నాలుగు 300 వాట్లు, ఎల్ఈడీ బల్బులు ఆరు 60 వాట్లు. 150 ఏహెచ్ బ్యాటరీ మూడు గంటలు లాగుతుంది. బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే) ఫ్యాన్లయితే అదే బ్యాటరీ ఆరు గంటలు. షాకు కొట్టకుండా, కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగు రెండూ ఉండాలి. ఇక్కడి నేల మార్చి కల్లా ఎండిపోయి ఎర్తింగు పనిచేయదు, గుంటలో వారానికి రెండు బకెట్ల నీళ్ళు పోసే పని ఒకరికి అప్పజెప్పండి. రంగు ఏదైనా ఫర్వాలేదు, ఆడవాళ్ళనే ఎంచుకోనివ్వండి. ఎక్కువమంది ఆసుపత్రి రంగు వద్దంటారు.

పని నడిచేటప్పుడు

సెంటరు మూసేయొద్దు. మూసిన నెలలో ఆగిపోయే మాత్రలు, పరీక్షలు మళ్ళీ అందుకోవడం కష్టం. ఇంటిని రెండు సగాలు చేసి, ఒక సగంలో పని, ఇంకో సగంలో సేవలు. అదీ కుదరకపోతే పరీక్షలకు ఐసీటీసీకి (ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్ష కేంద్రం), చికిత్సకు సురక్ష క్లినిక్కుకు (సుఖవ్యాధుల ప్రభుత్వ క్లినిక్కు) వెంట పీర్ ఎడ్యుకేటర్ వెళ్ళేలా ఏర్పాటు చేయండి. బేల్దారి పని మధ్యాహ్నం ఒంటి గంటకు ఆపించి, తర్వాత సెంటరు తెరిచే పద్ధతి వేసవిలో ఇద్దరికీ నప్పుతుంది.

మేస్త్రీతో ఒప్పందం కాగితం మీద ఉండాలి. అందులో మూడు మాటలు మర్చిపోవద్దు: పనివాళ్ళు ఫోనుతో ఫోటోలు తీయకూడదు, పని వేళల తర్వాత ఉండకూడదు, ఆడవాళ్ళను ఎవరైనా ఒక్క మాట అన్నా ఆ పనివాడు మరుసటి రోజు రాకూడదు. వచ్చే ఆడవాళ్ళలో కూలి పనికీ పోయేవాళ్ళుంటారు. ఇష్టపడితే పెట్టుకోండి, ఊళ్ళో నడిచే కూలీ పూర్తిగా ఇవ్వండి. 'మన సెంటరే కదా' అని ఉచితంగా చేయించుకోవద్దు.

మేస్త్రీకి ఇచ్చేదాంట్లో పదోవంతు ఆపుకోండి. చేతికిచ్చే రోజు పగలు ఒకసారి, రాత్రి ఎనిమిదికి లైట్లన్నీ వేసి ఒకసారి నలుగురు ఆడవాళ్ళు వీధి నుంచి, పక్క మిద్దె మీద నుంచి, వెనక సందు నుంచి ఇంటిని చూడాలి. కనపడిన ప్రతి సందూ సుద్దతో గుర్తు పెట్టించండి. ఆపిన డబ్బు, ఆ గుర్తులన్నీ పూడ్చాక, సెప్టెంబరులో మొదటి పెద్ద వాన కురిసి మిద్దె కింద సుద్దగీతలు పొడిగా ఉన్నాయని చూశాకే ఇవ్వండి.